గొలుసు పట్టిన దొర, కాలవ తవ్విన జనం

పోయిన సంచికలో రోలా సందుల్లో గోంగూర కోసం నేను పడ్డ పాట్లు రాస్తే, చాలామంది ఫోన్ చేసి మరీ తమకు తెలిసిన దుకాణాల పేర్లు చెప్పారు. మా ఇంట్లో ఇప్పుడు వారానికి మూడు రోజులు గోంగూరే! ఈసారి కబురు కొంచెం బరువైనది. అయినా పిల్లలు కూడా చదవదగ్గదే. పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.

సంగతి మా అమ్మాయితో మొదలైంది. తను ఏడో తరగతి. బళ్ళో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. అమెరికాలో పడమటి అడవుల వైపు, మైదానాల వైపు జనం వలస వెళ్ళిన కాలంలో ఒక ప్రెస్బిటేరియన్ పాదిరీ జీవితం ఎలా ఉండేదో రాసుకు రమ్మన్నారు. గుర్రం మీద రోజుల తరబడి ప్రయాణం, దుంగలతో కట్టిన ప్రార్థన మందిరం, మంచు, ఆకలి, జ్వరాలు. పాదిరీయే బడిపంతులు, ఆయనే వైద్యుడు, తగవులు తీర్చే పెద్దమనిషీ ఆయనే. అమ్మాయి అంతా చక్కగా రాసుకుని, చివర్లో నన్ను అడిగింది.

"నాన్నా, ఇలాంటివాళ్ళు మనవైపు ఎవరూ రాలేదా?"

"రాకేం. మన షార్జాకే వచ్చారు" అన్నాను. శారా హోస్మన్ అనే అమెరికన్ డాక్టరమ్మ గురించి చెప్పాను. చిన్నప్పుడే ప్రమాదంలో ఒక కాలు పోతే కర్రకాలుతో నడిచేది. మస్కట్‌లో ఏళ్ళ తరబడి వైద్యం చేసి, ప్రెస్బిటేరియన్ మిషన్ తరఫున 1950లలో షార్జా చేరి, ఆడవాళ్ళకీ పసిపిల్లలకీ ఆస్పత్రి నడిపింది. అప్పటికి ఇక్కడ చమురు లేదు, మేడలు లేవు. ఆమె 1964లో పోయినా ఆ ఆస్పత్రి 1994 దాకా నడిచింది.

"అది కాదు నాన్నా, మన తెలుగువాళ్ళ దగ్గరికి. మన ఒంగోలుకి."

అప్పుడు చెప్పాను క్లౌ దొర సంగతి. మాది ఒంగోలు దగ్గర పల్లె. ఒంగోలులో ఆయన పేరు మీద ఆస్పత్రి ఉంది కాబట్టి ఆ పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ ఆయన కథలో నాకు ఇప్పుడు ముఖ్యంగా తోచే ముక్క వేరే ఉంది. ఆయన ఒకప్పుడు కాలవ కాంట్రాక్టరు! మన గల్ఫులో కాంట్రాక్టరు అనే మాటకున్న బరువు నేను చెప్పక్కర్లేదు కదా. ఈ కథ చెప్పడానికి నాకు సొంత కారణం కూడా ఒకటుంది. అది చివర్లో ఒప్పుకుంటాను.

అసలు కథకు వద్దాం.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక పల్లెలో పుట్టాడు. ఆ రోజుల్లో చాలా కుటుంబాల్లాగే వాళ్ళ కుటుంబం కూడా పొలం కోసం పడమటికి కదిలింది. ముందు ఇల్లినాయి, ఆ తర్వాత అయోవా. చేతిలో డబ్బు తక్కువ, ఒంట్లో ఓపిక ఎక్కువ. ఇరవై నిండకముందే ఆ కుర్రవాడు మిన్నెసోటా అడవుల్లో భూములు కొలిచే సర్వే బృందంలో చేరి, కొన్నాళ్ళకు తానే సర్వేయరు అయ్యాడు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ సర్వే దేనితో చేసేవాళ్ళో తెలుసా? ఇనప గొలుసుతో. గంటర్ అనే ఇంగ్లీషు గణిత పండితుడు 1620 ప్రాంతంలో తయారుచేసిన గొలుసు అది. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. మన ఊళ్ళలో సర్వే వాళ్ళు పొలం గట్ల మీద లాగిన గొలుసూ అదే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. నెల్లూరు నుంచి గుంటూరు దాకా మన నాన్నలు "అయిదు సెంట్ల స్థలం" అంటూ వేసే లెక్క, అక్కడ అమెరికా అడవుల్లో క్లౌ లాగిన గొలుసు ఒక తల్లి బిడ్డలే!

అయితే ఆ గొలుసు కొలిచిన నేల ఖాళీ నేల కాదు. మిన్నెసోటా డకోటా ప్రజల భూమి. 1851లో ఒప్పందాలు రాయించుకుని అందులో చాలా భాగం అమెరికా ప్రభుత్వం తీసుకుంది. బదులుగా ఏటేటా డబ్బు ఇస్తామంది. స్టీఫెన్ రిగ్స్ అనే ప్రెస్బిటేరియన్ పాదిరీ ఆ డకోటా ప్రజల మధ్యే కాపురం ఉండి, వాళ్ళ భాష నేర్చుకుని, 1852లో డకోటా నిఘంటువు అచ్చు వేయించాడు. మన బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు వెలువడిందీ అదే 1852లో! తర్వాత పదేళ్ళకు, 1862 వేసవిలో, ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు సమయానికి రాలేదు. కొట్లలో తిండి ఉంది, అప్పు పుట్టలేదు, డకోటా పిల్లలు పస్తులు. కడుపు మండి యుద్ధం వచ్చింది. రెండువైపులా వందలమంది పోయారు. ఆ ఏడాది డిసెంబరు 26న మాంకాటో అనే ఊళ్ళో 38 మంది డకోటా మగవాళ్ళను ఒకేసారి ఉరితీశారు. యుద్ధానికి కారణాలు చాలా ఉన్నాయి. కానీ నిప్పు అంటించింది ఆలస్యమైన చెల్లింపు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

అప్పటికి క్లౌ మిన్నెసోటా వదిలి అయోవాలో చదువుకుంటున్నాడు. లాయరు కావాలన్నది కోరిక. కాలేజీలో ఉండగా మనసు దేవుడి వైపు తిరిగింది. పుస్తకాలు మోసుకుంటూ అయోవా పల్లెల్లో మతప్రచారం చేశాడు, బడిలో పాఠం చెప్పాడు. హారియెట్ సండర్లాండ్‌ను పెళ్ళాడాడు. ఆయన చేరింది బాప్టిస్టు సంఘంలో. మా అమ్మాయి ప్రాజెక్టులోని ప్రెస్బిటేరియన్ల కంటే శాఖ వేరు. చేసే పని మాత్రం ఇంచుమించు ఒకటే.

ఆ రోజుల్లో అమెరికన్ బాప్టిస్టులకు తెలుగు దేశంలో నెల్లూరు ఒక్కటే స్థావరం. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చలు జరిగాయి. పటం మీద ఒంటరి చుక్కలా ఉందని దానికి ఒంటరి నక్షత్రం అని పేరు పడింది. అలాంటి చోటికి, పాతకాపు లైమన్ జ్యూయెట్ వెంట, 28 ఏళ్ళ క్లౌ భార్యాబిడ్డతో బయలుదేరాడు. 1864 చివర్లో బోస్టన్‌లో ఓడ ఎక్కితే 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగాడు. సూయజ్ కాలువ అప్పటికి తెరవలేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. మనం షార్జాలో ఎక్కి సినిమా ఒకటి చూసేలోపు హైదరాబాదులో దిగుతాం. అయినా "అబ్బ, సీటు ఇరుకు" అంటాం!

1866లో ఒంగోలుకు మకాం మార్చాడు. అప్పటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఒక ఊరు. ప్రకాశం జిల్లా చాలా తర్వాతి మాట. 1967 అనుకునేరు, 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలైంది.

ఆ మొదటి రోజుల్లోనే ఒక చిక్కు. ఊళ్ళో పెద్దకులాల వాళ్ళు దొర బడికి పిల్లల్ని పంపడానికి సిద్ధపడ్డారు. ఆయనకు సంతోషమే. ఇంతలో ఒంగోలుకు పడమర తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చాడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, దేవుడి కోసం యోగసాధన కూడా చేసి చూసినవాడు. ఆయన వెంట, భార్య నాగమ్మ వెంట, మాదిగపల్లెల నుంచి జనం రావడం మొదలుపెట్టారు. పెద్దకులాల వాళ్ళు సూటిగా చెప్పేశారు, వాళ్ళయినా ఉండాలి, మేమైనా ఉండాలి అని. ఇంటా బయటా పలుకుబడి ఉన్నవాళ్ళను వదులుకోవడం తేలిక కాదు. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు కనిపించిందట. లోకం తక్కువగా చూసేవాళ్ళనే దేవుడు ఎంచుకుంటాడని పౌలు కొరింథు వాళ్ళకు రాసిన భాగం. దాంతో బడి పోయింది, పేరయ్య మనుషులు నిలిచారు.

దీని ఫలితం మాదిగపల్లెల్లో తెలిసింది. ఆదివారం పనికి రామన్నారు, ఊరి జాతరలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. బావుల దగ్గరికి రానివ్వలేదు, తప్పుడు కేసులు పెట్టారు, కొట్టారు. దొర గుర్రమెక్కి ఊరూరా తిరిగి కరణాలతో, మునసబులతో మాట్లాడేవాడు. ఈ భాగం చదువుతుంటే మా అమ్మాయి "ఇది అచ్చం నా ప్రాజెక్టులాగే ఉంది నాన్నా, గుర్రంతో సహా" అంది.

ఇక కరువు. 1876లో వానలు లేవు. ఆ సంవత్సరం పేరు ధాత. అందుకే మన పెద్దవాళ్ళు దాన్ని ధాత కరువు అన్నారు. గుంటూరు జిల్లావాళ్ళకు 1832-33 నాటి నందన కరువు అప్పటికే పీడకల. అది చాలదన్నట్టు ఇది వచ్చింది. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాలు మాడిపోయాయి. రెండేళ్ళలో దక్షిణ భారతంలో యాభై లక్షలకు పైగా జనం పోయారని అంచనా. 1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని మహారాణిగా ప్రకటిస్తూ దర్బారు విందులు చేస్తున్నాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు పంపారు. ఖర్చు తగ్గించడం ఆయన పని. కరువు పనుల్లో రోజంతా మట్టి మోసే మనిషికి రోజుకొక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కాస్త చిల్లర చాలని లెక్క కట్టాడు. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి నిలవడని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. కొన్ని నెలలు పోయాక గానీ మద్రాసులో ఆ కొలత మారలేదు.

మన కోస్తాలో కరువు పనిగా తెచ్చినది బకింగ్‌హాం కాలవ. మద్రాసు నుంచి ఉత్తరంగా అప్పటికే ఉన్న పాత కాలవను మన పెదగంజాం దాకా, అక్కడి నుంచి కృష్ణా కాలువల దాకా కలపాలి. 1875 నుంచి 1880 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్న బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. పెదగంజాం నుంచి తమిళ దేశంలోని మరక్కాణం దాకా మొత్తం 420 కిలోమీటర్ల పొడవు. ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రానికి వెళ్ళేవాళ్ళు దాన్ని దాటే వెళ్ళాలి. చిన్నప్పుడు ఆ వంతెన మీద నిలబడి, ఇంత పొడుగు కాలవ ఎవరు తవ్వారో అనుకునేవాణ్ణి.

కాలవ పని దొరికినా మాదిగలకు అది అందలేదు. అక్కడి మేస్త్రీలు వేరే కులాలవాళ్ళు. తిట్టడం, కొట్టడం, కొలతలో కోసెయ్యడం, కూలి ఎగ్గొట్టడం. భయపడి వెనక్కి వచ్చేసినవాళ్ళు ఇంటి దగ్గర ఆకలితో పోయారు. అప్పుడు క్లౌ కాలవ ఇంజనీర్ల దగ్గరికి వెళ్ళి, నాకు ఒక ముక్క కాంట్రాక్టు ఇవ్వండన్నాడు. మూడు మైళ్ళకు పైగా తవ్వే పని తీసుకున్నాడు. మిన్నెసోటాలో సర్వేయర్లకు జీతం ఉండేది కాదు, కొలిచిన మైలుకింత అని కాంట్రాక్టు. నేలకు వాటం చూడటం, మట్టి కొలతలు వెయ్యడం, మనుషుల్ని పనిలో పెట్టి వారం వారం లెక్క తేల్చడం ఆయనకు అక్కడ వచ్చిన విద్యే. పాదిరీ చదువులో పనికిరాకుండా పెట్టెలో పడున్న ఆ విద్య ఇరవై ఏళ్ళకు బయటికి వచ్చింది.

రాజుపాలెం దగ్గర తాటాకు పాకలతో శిబిరం వేశాడు. నీళ్ళకు బావులు తవ్వించాడు. పల్లెల్లో తిరిగే తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్ళూ ఆ మాదిగపల్లెల వాళ్ళే కాబట్టి కూలివాడి మీద చెయ్యెత్తే ప్రశ్నే లేదు. తవ్విన గొయ్యి కొలిచి, ఎంత తవ్వితే అంతకూ డబ్బు చేతిలో పెట్టడం. వేలమంది వచ్చారు. కొందరు నడిచి వచ్చి పార పట్టకముందే కూలిపోయారు. కలరా వచ్చింది. బోధకులు పగలు మట్టి కొలిచి, విశ్రాంతి వేళ జనం మధ్య కూర్చుని మాట్లాడేవాళ్ళు. భారం మోసి అలిసినవాళ్ళను దగ్గరికి రమ్మనే బైబిలు మాట ఒకటుంది. తలమీది తట్ట దించి కూర్చున్నవాళ్ళు దాన్నే మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారట.

ఇది మతం కథ కాదు అని నేను తప్పించుకోను. ఆయన వచ్చిందే మతం కోసం, దాచుకోలేదు కూడా. ఇది చదివే మనలో అన్ని మతాల వాళ్ళూ ఉన్నాం, ఎవరి అభిప్రాయం వాళ్ళది. నన్ను ఆపింది మాత్రం ఆయన తర్వాత చేసిన పని. కాలవ పని చేసినవాళ్ళలో వందలమంది మమ్మల్ని చేర్చుకో అని అడిగారు. ఆయన కాదన్నాడు. కూలి కోసం, గంజి కోసం వచ్చినవాళ్ళు ఎవరో, మనసుతో వచ్చినవాళ్ళు ఎవరో కరువులో తేలదు, కరువు పోనివ్వండి అన్నాడు. పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఒక చేత్తో కూలి, ఇంకో చేత్తో మతం పెట్టే వీలు చేతిలోనే ఉంది. వాడుకోలేదు.

కరువు సహాయం ఆగిపోతోంది, ఇక ఇచ్చేది ఏమీ లేదు అని ఆయన చెప్పించాకే జనం వెల్లంపల్లికి వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఊరు అది. సాయం అడగడానికి రాలేదు, చేర్చుకోమని వచ్చాం అన్నారు. ఇతర మిషన్లవాళ్ళు కూడా ఆ పల్లెలవైపు చూస్తున్నారన్న సంగతీ ఆయన తొందరపడటానికి ఒక కారణం. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. అమెరికాలో ఆ వార్త విని నమ్మనివాళ్ళూ, నవ్వినవాళ్ళూ ఉన్నారు. అంతమందిని ఒక్కరోజులో ఎలా ముంచుతారని ప్రశ్న! నా ఉద్యోగం లెక్కలది కదా, వేసి చూశాను. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకేసారి ఇద్దరిద్దరు నీళ్ళలో నిలబడ్డారు. మధ్యాహ్నం విశ్రాంతి తీసేస్తే తొమ్మిది గంటలనుకోండి. ఒక్కొక్కరికి అర నిమిషం. సరిపోతుంది. ఆ రోజు దొర ఒడ్డునే ఉన్నాడు. నీళ్ళలో దిగినవాళ్ళంతా తెలుగు బోధకులే.

బియ్యం క్రైస్తవులు అని వెక్కిరించినవాళ్ళకు ఆ పదిహేను నెలలే జవాబు అని ఆయన వాదన. పూర్తి జవాబా కాదా అన్నది మీరే ఆలోచించండి. ఆకలిలో తమను మనుషులుగా చూసినవాడి దేవుణ్ణి నమ్మడం కూడా బియ్యం కోసమేనా? కులం పేరుతో బావి దగ్గరికి రానివ్వని ఊరిని వదిలి రావడానికి వాళ్ళకు వేరే కారణం కావాలా? ఆయన కూడా తెల్లదొరే, కలెక్టరును కుర్చీలో కూర్చుని కలవగలిగినవాడే. ఆ కాంట్రాక్టు పేరయ్య అడిగితే ఇచ్చేవాళ్ళా? ఇవ్వరు. ఈ మాటా కథలో భాగమే.

క్లౌ 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో కన్నుమూశాడు. ఆయన చెప్పిన జీవితకథను రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1914లో పుస్తకంగా తెచ్చింది. దొర పేరు ఆస్పత్రికి ఉంది, గవర్నరు పేరు కాలవకు ఉంది. తట్ట మోసినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా లేవు. తుఫానులకు, పూడికకు చాలాచోట్ల చెడిపోయినా, ఆ కాలవ ఇప్పటికీ మన పటాల్లో ఉంది.

ఇప్పుడు నా సొంత కారణం.

కొన్నేళ్ళ కిందట ఒక ఆఫీసు మారుతుంటే నెట్‌వర్క్ పని నాకు అప్పగించారు. తీగలు లాగే పని ఒక చిన్న సబ్ కాంట్రాక్టరుది. వారం వారం ఎంత పని అయిందో చూసి కాగితం మీద నేను సంతకం పెట్టాలి. సంక్రాంతికి ఊరు వెళ్ళే హడావుడిలో ఆ కాగితం నా బల్ల మీదే ఉండిపోయింది. పన్నెండు రోజులు అరిసెలు తిని, ముగ్గులు చూసి, హాయిగా తిరిగి వచ్చాను.

ఆ శుక్రవారం సాయంత్రం రోలా పార్కుకు వెళ్ళాం. తెలియనివాళ్ళకు చెబుతున్నా, రోలా అంటే ఇక్కడి వాళ్ళ మాటలో మర్రిచెట్టు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద మర్రి ఉండేది. 1978లో కూలిపోయింది. గుర్తుగా ఇప్పుడు కట్టడం ఉంది. చెట్టు లేకపోయినా సెలవురోజు సాయంత్రం జనం ఇంకా అక్కడే చేరతారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి, అన్ని యాసలూ వినిపిస్తాయి. ఆ గుంపులోంచి ఒక కుర్రవాడు లేచి వచ్చాడు. తీగలు లాగిన వాళ్ళలో ఒకడు, కనిగిరి వైపు మనిషి. మా ఆవిడకు నమస్కారం పెట్టి, నన్ను పక్కకు పిలిచి, చాలా మెల్లగా అడిగాడు.

"సార్, ఆ కాగితం మీద సంతకం అయిందా? మీరు పెడితే బిల్లు వస్తదని, బిల్లు వస్తే జీతాలిస్తమని మావోడు అంటున్నాడు."

"ఎన్నాళ్ళయింది తమ్ముడూ?"

"పోయిన నెలది కూడా రాలేదు సార్. అమ్మకు కంటి ఆపరేషను. తారీఖు తప్పింది. ఫర్లేదులే సార్, మళ్ళీ వేయించుకుంటాం."

ఆ ఫర్లేదులే దగ్గర నాకు మాట రాలేదు. నిజమే, నా సంతకం వచ్చినా రాకపోయినా సమయానికి జీతం ఇవ్వాల్సిన బాధ్యత అతని యజమానిదే. 2009 నుంచి ఈ దేశంలో జీతాలు బ్యాంకు ద్వారా నమోదయ్యే పద్ధతి ఉంది, ఫిర్యాదుకు దారీ ఉంది. వేసవిలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదన్న నియమమూ ఉంది. ఇవన్నీ మంచివే. కానీ ఆ యజమానికి సాకు ఇచ్చింది నేను. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి సంతకం పెట్టడానికి నాకు పట్టిన సమయం రెండు నిమిషాలు.

అంతకుముందు నేను కూడా ఉద్యోగం కొత్తలో రెండు నెలలు జీతం అందక, గది అద్దెకు స్నేహితుల దగ్గర చెయ్యి చాపినవాణ్ణే. ఆ బాధ తెలిసి కూడా మర్చిపోయాను. మన మధ్యతరగతి జీవితాల్లో మనం ఎవరినీ కొట్టం, తిట్టం, కూలి ఎగ్గొట్టం. ఆలస్యం చేస్తాం, అంతే. పనమ్మాయి జీతం "రేపు తీసుకో" అంటాం. ఏసీ బాగుచేసిన వాడికి "చిల్లర లేదు, మళ్ళీ రా" అంటాం. మన బల్ల మీద కాగితం ఉంటే అది మనకు కాగితమే. అవతల అది ఒకరి తల్లి కన్ను.

క్లౌ దొర నుంచి నేను తీసుకున్నది ఈ ఒక్కటే. కొలత సరిగ్గా వెయ్యి, వేసినరోజే డబ్బు ఇవ్వు, ఇచ్చినందుకు ఎదుటివాడి దగ్గర నుంచి ఇంకేదీ ఆశించకు. అప్పటి నుంచి ఏ కాగితమూ గురువారం సాయంత్రం దాటి నా బల్ల మీద ఉండటం లేదు. సెలవుకు వెళితే ఎవరు సంతకం పెట్టాలో రాసి ఇచ్చి వెళుతున్నాను. గొప్ప పనేం కాదు, ఆలస్యంగా నేర్చుకున్న పని.

మా అమ్మాయి ప్రాజెక్టు పూర్తయింది. పాదిరీ గుర్రం బొమ్మ పక్కన తట్ట మోస్తున్న ఒక ఆడమనిషి బొమ్మ కూడా వేసింది. "ఈవిడ ఎవరమ్మా?" అని టీచరు అడిగితే "మా ఊరి కాలవ తవ్వినావిడ. పేరు ఎవరూ రాసుకోలేదు టీచర్" అందట.

పిల్లలూ, మీకో పని. ఒక లింకు అంటే దాదాపు 20 సెంటీమీటర్లు. అట్టముక్కతో ఒక లింకు కత్తిరించుకుని, మీ హాలు పొడవెంతో, వెడల్పెంతో కొలవండి. రెండూ హెచ్చించి వెయ్యితో భాగిస్తే మీ హాలు ఎన్ని సెంట్లో వస్తుంది. జవాబు నాకు పంపండి. షార్జా అద్దె ఇళ్ళ కొలతలు నాకు తెలుసు కాబట్టి, ఎవరైనా ఒక సెంటు దాటిందని రాస్తే మాత్రం మళ్ళీ కొలవమంటాను!

వచ్చే సంచికలో కలుద్దాం. ఈలోగా మీ బల్ల మీద, మీ ఇంట్లో, ఎవరికైనా ఇవ్వాల్సింది ఉండిపోయిందేమో ఒక్కసారి చూసుకోండి.